ఎనిమిదో తరగతికి శని పాఠం

జనవరి 6, 1975, సోమవారం

ఎనిమిదో తరగతికి ఈ నెలలో సౌరకుటుంబం పూర్తి చేయాలి. భూమి, అంగారకుడు అయ్యాయి. గురుడు రేపటితో అయిపోతుంది. తర్వాత శని.

శని నోట్సు మటుకు ఇందులో రాసుకుంటాను. బడి నోట్సు పుస్తకం అత్తయ్యగారు తిరగేస్తూ ఉంటారు. ఆ పేరు కంటబడిందంటే శని పట్టిందన్న గొడవ మళ్ళీ మొదలవుతుంది.

సూర్యుడి నుంచి ఆరో గ్రహం. పరిమాణంలో గురుడి తర్వాత ఇదే. భూములు తొమ్మిదిన్నర పక్కపక్కన పేరిస్తే ఎంతో, అంత అడ్డం. సూర్యుడికి సుమారు నూట నలభై మూడు కోట్ల కిలోమీటర్ల దూరం. నిలబడటానికి నేలంటూ లేదు. చాలావరకు హైడ్రోజను, హీలియం వాయువులే.

మా ఆయన ఇవాళ కూడా గడప దాటలేదు.

జనవరి 8

ఒక్కసారి రాసేస్తే మళ్ళీ రాయనక్కర్లేదని రాస్తున్నాను.

నవంబరు పంతొమ్మిదిన ఫ్యాక్టరీలో, ప్రెస్సు మీద, ఆయన కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. రేకును ప్రెస్సు కింద పెట్టేది ఆయన. పెడలు తొక్కేది హెల్పరు ఐలన్న, చిట్కుల్ మనిషి. రేకు పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని, ఈయన "ఊ" అంటే అతను తొక్కాలి. అనకముందే తొక్కాడని సూపర్‌వైజరు రాశాడు. విచారణకు ఆసుపత్రికే వచ్చి ఆయన్ని అడిగితే గుర్తులేదన్నారు. ఐలన్నను సస్పెండు చేశారు.

ఆసుపత్రిలో మూడు రోజులు ఒళ్ళు కాలిపోయింది. ఏవేవో అన్నారు. జ్వరంలో అన్న మాటలకు అర్థం ఉండదు.

ఆ ఉదయం సంగతి రాయను.

జనవరి 11, శనివారం

అత్తయ్యగారు జాతకం పట్టుకుని వెళ్ళొచ్చారు. "వీర్రాజుది మిథునరాశి కదే కనకం. శని సరిగ్గా రాశిలోనే కూచున్నాట్ట. జూలైలో పక్కింటికి మారతాడు గానీ, పూర్తిగా వదలాలంటే డెబ్భై ఏడు దాకా ఆగాలిట. ఆ ఐలన్న రూపంలో వచ్చి తొక్కింది ఆయనే" అన్నారు.

ఈయన గోడవైపు తిరిగి పడుకుని అంతా విన్నారు. ఫ్యాక్టరీ నుంచి కాగితం వచ్చి వారమైంది. స్టోర్సులో తేలిక పని ఇస్తారట. ఫిబ్రవరి ఆఖరులోగా చేరాలి, లేకపోతే లెక్క తేల్చి పంపేస్తారు. గుర్తుచేస్తే, "ఏలినాటి శనిలో ముట్టుకున్నదల్లా విరుగుతుంది. ఎందుకు చేరడం?" అన్నారు.

నోట్సు: శని సూర్యుణ్ణి ఒక్కసారి చుట్టి రావడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు. పన్నెండు రాశులకు పంచితే ఒక్కోదానికి రెండున్నర చిల్లర. మూడు రాశులకు ఏడున్నర. జ్యోతిష్కుడి లెక్కలో తప్పు లేదు. తిరగడం నిజమే. పట్టుకోవడం ఒక్కటే ఏ పుస్తకంలోనూ లేదు.

నువ్వులనూనె దీపం నేనే వెలిగించాను. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి కదా, అందుకని.

జనవరి 17

పాఠం బాగా జరిగింది. శని సాంద్రత నీటికన్నా తక్కువ, అంత పెద్ద తొట్టి దొరికితే అందులో తేలుతుంది అన్నాను. "గంత తొట్టి ఏడ దొరుకుతది టీచర్, పటాన్‌చెరు సంతల దొరుకదు" అని ఒకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళయిందో.

వలయాల బొమ్మ వేశాను. అవి గట్టి పళ్ళేలు కావు. లెక్కలేనన్ని మంచు ముక్కలు, రాళ్ళు. కొన్ని ఇసుక రేణువులంత, కొన్ని బండలంత. దేని దారిలో అది తిరుగుతుంటే దూరానికి ఒకే పట్టీలా కనబడతాయి. వెడల్పు లక్షల కిలోమీటర్లు, మందం మాత్రం చాలా తక్కువ. అందుకే పక్కనుంచి చూస్తే మాయమవుతాయి. అరవై ఆరులో అలాగే మాయమయ్యాయి. ఉపగ్రహాలు పది. ఒక పగలూ రాత్రీ కలిపి పదిగంటల పావు.

ఆఖరి బెంచీ పిల్ల సోమమ్మ లేచింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల.

"టీచర్, శని మనిషి లెక్క అస్తడా?"

"రాడు. అది గ్రహం. మనమున్నట్టు కూడా దానికి తెలియదు."

"మరి ఎవ్వలన్న మనిషిని శని అంటే?"

"అది తిట్టు. అలా తిట్టడం తప్పు."

కూర్చుంది. ఎంత తేలిగ్గా చెప్పేశాను.

జనవరి 18, శనివారం

దీపం నేనే పెట్టాను.

జనవరి 24

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక స్టాఫ్‌రూము గుమ్మంలో ఒకామె నిలబడింది. చెప్పులు బయటే విడిచింది.

"నేను మొగులమ్మను టీచరమ్మా. చిట్కుల్. సోమమ్మ మా బిడ్డనే. ఐలన్న పెండ్లాన్ని."

సోమమ్మ ఐలన్న కూతురని నాకు తెలియదు. నిజంగానే తెలియదు. హాజరుపట్టీలో తండ్రి పేరు ఉంటుంది, నేనే చూడలేదు.

ఏదో అంటుందనుకున్నాను. ముందు అడిగింది ఈయన సంగతి. "సారుకు ఎట్లున్నదమ్మా? పుండు మానిందా? అన్నం ఎవ్వలన్న కలిపి పెడ్తున్రా?"

మానిందన్నాను. ఎడంచేత్తో తింటున్నారన్నాను.

"మా ఆయన మస్తు పరేషాన్ల ఉన్నడు. నౌకరి సంగతి అటుంచు. ఊళ్ళె అందరు ఆయిననే శని అంటున్రు. ఎదురొస్తే మల్లి ఇంట్లకు వోతున్రు. ఆయిన చెయ్యి వడితే ఏదో అయితదంట, కూలికి సుత పిలుస్తలేరు. జెర సారును యాది చేస్కోమను తల్లీ. ఊ అన్నడా, అనలేదా. గొక్క ముచ్చటే."

"ఆయనకి నిజంగా గుర్తులేదమ్మా" అన్నాను.

ఆమె కాసేపు నా మొహం చూసింది. "సరే టీచరమ్మా, పైలం" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం రెండు పీరియడ్లు ఏం చెప్పానో నాకు గుర్తులేదు. ఇది మాత్రం నిజం.

జనవరి 25, శనివారం

జ్వరంలో ఆయన అన్నది ఇది.

"ఊ అన్నాను. చెయ్యి లోపలే ఉంది. ఊ అన్నాను."

ఒకసారి కాదు. నవంబరు ఇరవై ఒకటి సాయంత్రం, సెలైను ఎక్కుతుండగా, నా మొహంలోకే చూస్తూ. అత్తయ్యగారు స్నానానికి ఇంటికి వెళ్ళారు. విన్నది నేనొక్కదాన్నే. నుదుటి మీద తడిబట్ట మార్చి, పడుకోండి అన్నాను.

అరవై అయిదు రోజులుగా నాకు తెలుసు.

దీపం పెట్టలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

ఫిబ్రవరి 2

ఆయన తన గురించి చెప్పలేదు సరే, నేను మాత్రం చెప్పానా?

ఆ ఉదయం ఇంట్లో కిరసనాయిలు లేదు. ముందురోజు క్యూలో నిలబడతానన్న మనిషి పడుకుని నిద్రపోయారు. పొయ్యి వెలగలేదు. బడికి ఆలస్యమవుతోంది. గిన్నె నేలకేసి కొట్టి, "నా ప్రాణానికి శనిలా దాపురించారు" అన్నాను. ఆయన మాట్లాడకుండా చొక్కా వేసుకుని, ఏమీ తినకుండా డ్యూటీకి వెళ్ళారు. పదిన్నరకు కబురొచ్చింది.

మాటకు ఏ బలమూ ఉండదు. సైన్సు చెప్పేదాన్ని, నాకు తెలుసు. తెలిసినా ప్రతి శనివారం దీపం వెలిగించింది అత్తయ్యగారి మోకాళ్ళ కోసం కాదు.

ఫిబ్రవరి 10

పదిహేనో తారీకు సాయంత్రం బడి ఆవరణలో టెలిస్కోపు. హైదరాబాదు నుంచి ఫిజిక్సు లెక్చరరు ఒకాయన తెస్తాడట. పిల్లలు ఇంట్లోవాళ్ళను కూడా తీసుకురావచ్చని హెడ్మాస్టరుగారు చెప్పారు. ఇంట్లో చెబితే ఈయన రానన్నారు.

అత్తయ్యగారు మాత్రం, "శనివారం నాడు శని దర్శనమా? నేనొస్తాను" అన్నారు.

ఫిబ్రవరి 15, శనివారం

అత్తయ్యగారు సాయంత్రం మళ్ళీ తలంటుకుని, మడిచీర కట్టుకుని, కొడుకు ముందు నిలబడ్డారు. "నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను. ఈ వయసులో చూడకుండా పోతాను, నీ ఇష్టం." ఆయన లేచారు. కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని మా వెనక నడిచారు. ప్రమాదం జరిగిన ఎనభై ఎనిమిది రోజుల్లో, ఆసుపత్రి నుంచి వచ్చాక, ఆయన ఇల్లు దాటడం ఇదే మొదలు.

ఏడు గంటలకు చీకటి బాగా పడింది. పునర్వసు జంట చుక్కల దగ్గర నిలకడగా వెలుగుతున్నదే శని. వరస గేటుదాకా ఉంది. అత్తయ్యగారు అద్దానికి కన్ను ఆనించి చాలాసేపు కదల్లేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "ఏమిటే కనకం, ఇంత చిన్నవాడా! పాపం, ఎక్కడో ఒక్కడూ ఉన్నాడు. వీర్రాజూ, ఇలా రారా. వీడేం చేస్తాడురా మనల్ని?"

ఆయన వంగి చూశారు. నేను అద్దంలోకి చూడలేదు, ఆయన మొహమే చూశాను. ఏమీ తెలియలేదు. కన్ను తీసి వెనక్కి తిరిగారు.

వరసలో ఐలన్న ఉన్నాడు. చెయ్యి పట్టుకుని సోమమ్మ. అతని ముందొక బారెడు, వెనకొక బారెడు ఖాళీ. వెనకనున్న ఆడవాళ్ళు పిల్లల్ని తమవైపు లాక్కుని నిలబడ్డారు. సోమమ్మ మాత్రం మెడ నిక్కించి టెలిస్కోపు కేసే చూస్తోంది.

ఐలన్న ముందు ఆ తువ్వాలు చూశాడు, తర్వాత మొహం. "దండమన్నా" అన్నాడు.

ఆయన తువ్వాలు బిగించుకున్నారు. మాతో రాకుండా ముందు నడిచి ఇంటికి వెళ్ళిపోయారు.

ఫిబ్రవరి 16, ఆదివారం

కాఫీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. అత్తయ్యగారు పెరట్లో బియ్యం చెరుగుతున్నారు. ముందు నా మాటే చెప్పాను. "ఆ రోజు పొద్దున్న నేను అన్న మాట... మీరు విన్నారా?"

"ఏ మాట?"

"శనిలా దాపురించారు అన్నాను."

"విన్నాను. దానికేం? మా అమ్మ నన్ను పదేళ్ళప్పటినుంచీ అంటోంది ఆ మాట."

"దాని గురించే ఆలోచిస్తూ, పరధ్యానంగా..."

"లేదు కనకం." గ్లాసు కింద పెట్టారు. "టీ బెల్లు కొట్టబోతున్నారు. తొంభై తొమ్మిది రేకులు అయ్యాయి. ఇంకొక్కటి వేసేస్తే వంద. అంతే, ఇంకేం లేదు. నీ మాట లేదు, శని లేడు. తొందర. చేతికి అడ్డమొస్తోందని, వేళ్ళు లోపలికి పోకుండా ప్రెస్సుకు బిగించే గార్డు కూడా వారం ముందే నేనే విప్పేశాను."

మూడు నెలలుగా నేను మోసిందంతా వందో రేకు పక్కన పడిపోయింది. ఏడుపు వచ్చింది. తేలికపడి వచ్చిందో, ఉక్రోషంతో వచ్చిందో తెలియదు.

"ఊ అన్నారు కదా" అన్నాను.

ఆయన నన్ను చూశారు.

"జ్వరంలో నాతో చెప్పారు. నేను వినలేదనుకున్నారా?"

"విని ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

 పెరట్లో చేట చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"ఇప్పుడు చెబితే ఉన్న స్టోర్సు పనీ పోతుంది" అన్నారు. "గార్డు విప్పినవాణ్ణి పన్లో ఉంచుకుంటారా? చేతికి రెండు వేళ్ళున్నవాణ్ణి ఇంకెవడు పెట్టుకుంటాడు?"

"నాకు ఉద్యోగం ఉంది. ఆ పిల్ల నా క్లాసులో ఉంది. మీరు చెప్పకపోతే మొగులమ్మతో నేను చెబుతాను."

ఆయన లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

ఫిబ్రవరి 17

మాటలు లేవు.

ఫిబ్రవరి 18

మాటలు లేవు. అన్నం తిన్నారు.

ఫిబ్రవరి 20

బడి నుంచి వచ్చేసరికి ఆయన బల్ల దగ్గర కూర్చుని ఎడంచేత్తో ఏదో రాస్తున్నారు. నన్ను చూసి కాగితం మూయలేదు. అక్షరాలు ఒక్కోటి వేలెడంత, వరస కిందకు జారుతోంది. "నేను రాసిపెడతాను, మీరు చెప్పండి" అన్నాను.

"నీ రాత అయితే నువ్వు చెప్పించావంటారు. నేనే రాస్తాను."

ఫిబ్రవరి 22, శనివారం

అత్తయ్యగారు దీపం పెట్టారు. "ఏం చేయడని మీరే అన్నారుగా?" అంటే, "చూసొచ్చాక పెట్టకపోతే బాగుంటుందా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది.

ఉత్తరం పూర్తయింది. అయిదే వాక్యాలు. గార్డు నేను విప్పాను. చెయ్యి లోపల ఉండగా ఊ అన్నాను. ఐలన్న నా మాట ప్రకారమే తొక్కాడు. విచారణలో గుర్తులేదని అబద్ధం చెప్పాను. ఐలన్న తప్పు లేదు.

ఫిబ్రవరి 24

ఉత్తరం ఇచ్చి వచ్చారు. మేనేజరు రెండుసార్లు చదివి, "ఇప్పుడెందుకు వీర్రాజూ, ఫైలు మూసేశాం కదా. వెనక్కి తీసేసుకో, నీకే మంచిది" అన్నాడట.

"తీసుకున్నారా?"

"లేదు."

రాత్రి అన్నంలోకి నెయ్యి ఎక్కువ వేశాను. గమనించారో లేదో.

ఫిబ్రవరి 28

గడువు అయిపోయింది. ఫ్యాక్టరీ నుంచి ఏ కబురూ లేదు. అంతా కలిపి నా జీతం ఒక్కటే అని అనుకోవడం అలవాటు చేసుకుంటున్నాను. ఎనిమిదో తరగతికి యురేనస్, నెప్ట్యూన్ అయిపోయాయి. వాటి గురించి ఎవరూ ఏమీ అడగలేదు. వాటిపేరు పెట్టి ఎవర్నీ తిట్టరు.

మార్చి 6

కాగితం వచ్చింది. ఆపరేటరు గ్రేడు తీసేశారు. స్టోర్సులో అటెండరుగా, తక్కువ స్కేలులో తీసుకుంటారు. గార్డు విప్పినందుకు, అబద్ధం చెప్పినందుకు రెండేళ్ళు ఇంక్రిమెంటు లేదు. ఐలన్న సస్పెన్షన్ రద్దు. అతను సోమవారం నుంచి పనిలోకి రావాలి.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఆదివారం చిట్కుల్ వెళ్దాం" అన్నారు. "వస్తావా?"

మార్చి 9, ఆదివారం

ఇస్నాపూర్ దాకా బస్సు. అక్కణ్ణుంచి నడక. పదిగంటలకే ఎండ మొదలైంది.

మొగులమ్మ వాకిట్లో నులకమంచం వాల్చింది. ఆయన కూర్చోలేదు. ఐలన్న లోపలినుంచి వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. చిక్కిపోయాడు. గడ్డం మాసింది. నౌకరి వచ్చినవాడి మొహంలా లేదు.

"ఐలన్నా, తప్పు చేశాను" అన్నారు ఈయన.

అతను, "అన్నా, ఒక్క ముచ్చట అడుగుత. నిజం జెప్పు" అన్నాడు. "నువ్వు ఊ అన్నవా?"

"అన్నాను. ఉత్తరంలో రాశాను కదా."

"ఉత్తరం కాదన్నా. నోటితోని జెప్పు. మొదలు నాకు యాదికున్నది, నువ్వు అన్నవని. గా సూపర్‌వైజరు అనలేదన్నడు. నువ్వు యాదిలేదన్నవు. ఊరు ఊరంత నన్నే అనవట్టె. పోను పోను నాకే అనుమానం వచ్చింది. అన్నవా, నాకే గట్ల ఇనిపించిందా అని. నా లోపట నిజంగ ఏమన్న ఉన్నదేమో, నా కాలే తొక్కిందేమో అని. బిడ్డ తల మీద చెయ్యి వెట్టాలంటె భయమైతుండె."

మొగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు కూడా ఈ సంగతి తెలియదు.

ఆయన గుంజ దగ్గరికి నడిచారు.  "అన్నాను ఐలన్నా. గట్టిగానే అన్నాను. నువ్వు సరిగ్గానే విన్నావు."

ఐలన్న గుంజ పట్టుకుని అలాగే కింద కూర్చున్నాడు. సోమమ్మ వచ్చి పక్కన కూర్చుంటే, చూసుకోకుండానే చెయ్యి ఆ పిల్ల తల మీద వేశాడు.

తర్వాత తలెత్తి అన్నాడు: "నాకు జెప్తె ఏమైతది? వాళ్ళకు జెప్పు."

వాడ మొదట్లో వేపచెట్టు కింద ఆదివారం కాబట్టి పదిహేనుమంది దాకా ఉన్నారు. ఆయన వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడ్డారు. చేతికి చుట్టుకున్న తువ్వాలు విప్పేశారు. ఇంట్లో మా ముందు కూడా విప్పేవారు కాదు. "ఇది నా తప్పువల్ల పోయింది. తొక్కమన్నది నేనే. ఐలన్న తప్పేమీ లేదు. మూడు నెలలు అబద్ధం ఆడాను" అన్నారు. నేను వెనక నిలబడ్డాను. నేనూ ఆడానని చెప్పాలనుకున్నాను. మొగులమ్మతో వాళ్ళ ఇంట్లో చెప్పాను, నీకు నేను అబద్ధం చెప్పానని. ఇక్కడ నోరు రాలేదు.

 పెద్దరాములు అని, అందరికన్నా పెద్దాయన, చుట్ట పక్కకు తీసి, "గీ ముచ్చట అప్పుడే జెప్తె నీ సొమ్మేం వోయేది పటేలా?" అన్నాడు.

ఆయన తలదించుకున్నారు. 

పెద్దాయన మళ్ళీ చుట్ట వెలిగించుకున్నాడు. చెట్టు కింద ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. వెళ్ళిపోదామని మేం తిరిగేసరికి పెద్దరాములు గొంతు సవరించుకుని, మా వెనక నిలబడ్డ ఐలన్నను పిలిచాడు.

"ఒరే ఐలా, రేపు మా జొన్న కోతకు అస్తవా?"

ఐలన్న రుమాలు విప్పి, దులిపి, మళ్ళీ తలకు చుట్టుకున్నాడు.

"రేపు కుదరదు పెద్దయ్యా" అన్నాడు. "నాకు మొదటి షిఫ్టు ఉన్నది."